ఒకే బల్ల మీద ఇద్దరు

మన కోస్తా పల్లెల సంఘాలలో పెరిగిన వారికి హార్మోనియం పెట్టె గుర్తుండే ఉంటుంది. మా నాయన శనివారం సాయంత్రమే దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, మూత తీసి, లోపలి ఇత్తడి రీడ్లకు చిలుము పట్టిందేమోనని లాంతరు వెలుగులో చూసుకునేవాడు. సముద్రానికి మూడు మైళ్ల దూరంలో ఉన్న ఊరు మాది. మా వైపు ఉప్పుగాలి తలుపు గొళ్లాలనే తినేస్తుంది, ఇక ఆ సన్నటి రేకులను వదులుతుందా!

చేతి హార్మోనియంతో ఒక చిక్కుంది. ఎడమ చెయ్యి తిత్తి ఊదడానికే సరిపోతుంది. మెట్ల మీద ఆడేది కుడిచెయ్యి ఒక్కటే. పండుగ ఆరాధనల్లో మాత్రం నాయన నన్ను పెట్టెకు అవతలి వైపు కూర్చోబెట్టి తిత్తి నా చేతికి అప్పగించేవాడు. అప్పుడు ఆయనకు రెండు చేతులూ ఖాళీ. కుడిచేత్తో కీర్తన రాగం, ఎడమచేత్తో కింది స్వరాలు. నాకప్పుడు ఏడెనిమిదేళ్లు. గట్టిగా ఊదితే పెట్టె అరిచేది, చెయ్యి ఆపితే స్వరం నీరసించిపోయేది. పాట ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో అక్కడే నేనూ పీల్చుకోవాలని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. నా తల కూడా సంఘంలో ఎవరికీ కనబడేది కాదు. అయినా ఆ పాటలో సగం నాదేనని నా నమ్మకం. తప్పు చేసిన రోజున నాయన నావైపు ఒకసారి చూసి కనుబొమ్మలు పైకెత్తేవాడు, అంతే.

ఇన్నేళ్ల తరువాత ఈ సంగతి గుర్తుకు రావడానికి కారణం మా అమ్మాయి, దానికంటే ముందు నా బుద్ధితక్కువ.

ఇప్పుడు మా గుడిలో హార్మోనియం లేదు. 61 మెట్ల కీబోర్డు ఉంది. మా అమ్మాయి సండే స్కూలు వయసులోనే దాని ముందు నిలబడి విన్న పాటనల్లా వేళ్లతో వెతుక్కునేది. పిల్లకు చెవి ఉందని పాస్టరుగారు అన్నారు. నాకు అంతకంటే ఏం కావాలి! చెన్నైలో లండన్ ట్రినిటీ కళాశాల వారి గ్రేడు పరీక్షలు జరుగుతాయని తెలుసుకుని, నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్ల దూరం రైల్లో తీసుకుపోయి రాయించాను. పరీక్షకు నేర్చుకున్న పాఠాల్లో జి మేజరులో ఒక చిన్న మినియెట్ ఉంది. సెబాస్టియన్ బాఖ్ తన భార్య అన్నా మగ్దలేనా కోసం 1725లో మొదలుపెట్టిన నోటుపుస్తకంలోది అది. రెండు వందల ఏళ్లకు పైగా అందరూ దాన్ని బాఖ్ రచనే అనుకున్నారు. క్రిస్టియన్ పెట్సోల్డ్ అనే మరో వాద్యకారుడు రాశాడని 1970లలో గాని తేలలేదు.

నాలుగేళ్ల కిందట క్రిస్మస్ ముందటి రాత్రి కార్యక్రమంలో మా అమ్మాయి ఆ మినియెట్ వాయించాలి. కాగితాలు తిప్పడానికని నేను పక్కన కూర్చున్నాను. రెండో భాగంలో ఒక మెట్టు తప్పింది. మళ్లీ వెనక్కి పోయి అందుకోబోయింది, మళ్లీ తప్పింది. నేను చెయ్యి చాపి సరైన మెట్టు నొక్కాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ముందు వరసలో ఎవరో నవ్వినట్టు వినబడగానే, పిల్ల చేతులు పక్కకు జరిపి, మిగిలిన పాఠమంతా నేనే వాయించేశాను. జనం చప్పట్లు కొట్టారు. నాకు! పిల్ల లేచి వెళ్లి ఆడవాళ్ల వరసలో వాళ్లమ్మ పక్కన కూర్చుంది. ఆ రాత్రి మొదలు దాదాపు తొమ్మిది నెలలు అది కీబోర్డు ముట్టుకోలేదు.

మొక్కై వంగనిది మానై వంగునా అని ఇంట్లో నేను పెద్ద మాటలు మాట్లాడాను. నా భార్య అంతా విని ఒక్కటే అడిగింది. “మీ నాయన మీ చేతిలోంచి ఎప్పుడన్నా తిత్తి లాక్కున్నాడా?”

జవాబు చెప్పలేకపోయాను.

తరువాతి ఏడు పనిమీద చెన్నై వెళ్లినప్పుడు మౌంటు రోడ్డులో మ్యూజీ మ్యూజికల్ అనే పాత దుకాణానికి వెళ్లాను. 1842లో మిస్క్విత్ అనే ఆయన పేరుతో మొదలైన అంగడి అది. పిల్లకు ఏదైనా సులువైన పుస్తకం కొనాలని నా ఉద్దేశం. అక్కడ చేతికి తగిలింది డియాబెల్లి అనే ఆయన రాసిన పలచటి పుస్తకం. 28 చిన్న పాఠాలు, ఒకే పియానో మీద ఇద్దరు కలిసి వాయించేవి. విప్పి చూస్తే ఎడమ పేజీ ఒకరికి, కుడి పేజీ ఇంకొకరికి.

ఈ పద్ధతి తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను. పియానో ఒకటే, బల్ల ఒకటే, చేతులు నాలుగు. కుడివైపు కూర్చున్నవారు పై స్వరాలు వాయిస్తారు. దాన్ని ప్రిమో అంటారు, అంటే మొదటిది. రాగం ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఎడమవైపు కూర్చున్నవారిది సెకండో, రెండవది. కింది స్వరాలు, తాళం నడక వారివి. స్వరాన్ని నిలబెట్టే పెడలు మీద కాలు కూడా మామూలుగా వారిదే. వినేవాళ్ల చెవి పై భాగం మీదికే పోతుంది. కింది భాగం సరిగ్గా ఉంటే ఎవరూ గమనించరు, తప్పితే మాత్రం మొత్తం కూలిపోతుంది. డియాబెల్లి చేసిన తెలివైన పని ఏమిటంటే, శిష్యుడి భాగాన్ని అయిదు స్వరాల మీదే నడిపాడు. అయిదు వేళ్లు అయిదు మెట్ల మీద పెట్టి కదపనక్కరలేదు. కష్టమంతా కింద కూర్చున్న పెద్దవారిది. పిల్లవాడికి మాత్రం తన వేళ్ల కింద ఒక నిండు సంగీతం మోగుతున్నట్టు ఉంటుంది. ఈ డియాబెల్లి యౌవనంలో గురువు కావాలని మఠంలో చేరినవాడు. 1803లో బవేరియాలో మఠాలు మూతపడితే వియన్నా చేరుకుని పియానో, గిటారు పాఠాలు చెప్పుకుని బ్రతికాడు. పిల్లల వేళ్లు ఎంత దూరం సాగుతాయో దగ్గర నుంచి చూసిన మనిషి.

ఆ పుస్తకం నన్ను ఇంకా వెనక్కి తీసుకుపోయింది. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి పియానో వాయించిన వారి కథలు దొరికినన్ని చదివాను. వాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక తల్లి కథ.

ఆస్ట్రియా దేశపు సాల్జ్‌బర్గ్ పట్టణంలో లోడ్రన్ వంశపు దొరసాని అంతోనియా ఉండేది. ఆమెకు అలోయిసియా, జుసెప్పీనా అని ఇద్దరు కుమార్తెలు. ముగ్గురూ పియానో వాయించేవారు. అదే ఊరివాడైన మొజార్ట్‌కు అప్పుడు ఇరవై ఏళ్లు. 1776 ఫిబ్రవరిలో ఈ తల్లీ కూతుళ్ల కోసం మూడు పియానోలతో, వెనక వాద్యబృందంతో ఒక కచేరీ రచన చేసిచ్చాడు. ఇప్పటికీ దాన్ని లోడ్రన్ కన్చెర్టో అనే పిలుస్తారు. ముగ్గురి శక్తి ఒకటి కాదు. చిన్నమ్మాయి జుసెప్పీనా ఇంకా నేర్చుకునే దశలోనే ఉంది. మొజార్ట్ ఆమెను వదిలివేయలేదు, అలాగని ఆమె చేతికి మించింది ఇవ్వలేదు. మూడో పియానో భాగం తేలికగా రాశాడు. తల్లీ అక్కా పరుగులు తీస్తుంటే చిన్నది మధ్య మధ్య ఒక మాట కలుపుతుంది, ఒక్కోసారి వాళ్ల మాటే తిరిగి చెబుతుంది. పండుగపూట వంటింట్లో పెద్దవాళ్లు పిండివంటలు చేస్తూ చిన్నపిల్ల చేతికి కొంచెం పిండిముద్ద ఇస్తారే, అలాగన్నమాట.

ఆ మూడో భాగం ఎంత తేలికైనదంటే, మొజార్ట్ తరువాత తానూ తన అక్కా వాయించుకోవడానికి అదే రచనను రెండు పియానోలకు మార్చుకున్నప్పుడు దాన్ని సులభంగా మిగతా రెంటిలో కలిపేశాడు. సంగీతం ఏమీ చెడలేదు. అంటే సంగీతం కోసం ఆ మూడో కుర్చీ అవసరం లేదు. అది వేసింది ఆ పిల్ల కోసం. ఈ విషయం చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఇంకో తమాషా ఉంది. పశ్చిమ జర్మనీ ఛాన్సలర్‌గా ఉండిన హెల్ముట్ ష్మిట్ 1980ల ఆరంభంలో ఇద్దరు పేరుపొందిన పియానో విద్వాంసులతో కలిసి ఈ కన్చెర్టోను రికార్డు చేశాడు. దేశాన్ని ఏలే మనిషి వాయించింది చిన్నమ్మాయి జుసెప్పీనా భాగమే అనుకుంటాను. తీరిక లేని వాడికి అంతకంటే వీలైనది ఏముంది!

మొజార్ట్ ఇంటి సంగతి కూడా చెప్పాలి. తండ్రి లియోపోల్డ్ 1759లో కూతురు నానెర్ల్ కోసం ఒక పాఠాల పుస్తకం కట్టించాడు. ఆమె నేర్చుకుంటుంటే పక్కనే తచ్చాడుతూ తమ్ముడూ అందులోవే నేర్చేసుకున్నాడు. ఒక మినియెట్ పక్కన తండ్రి స్వదస్తూరితో రాసుకున్నాడు: వోల్ఫ్‌గాంగ్ దీన్ని 1761 జనవరి 26న, అయిదో పుట్టినరోజుకు ముందురోజు, రాత్రి తొమ్మిదిన్నరకు, అరగంటలో నేర్చుకున్నాడని. పిల్లవాడి మొదటి అడుగు గోడమీద గీత గీసి పెట్టుకునే తండ్రి కనబడతాడు ఆ మాటల్లో. అయితే అదే తండ్రి ఇద్దరు పిల్లలనూ 1763 నుంచి 1766 వరకు మూడున్నర ఏళ్లు బండ్లలో తిప్పి, రాజులకూ ప్రభువులకూ చూపించాడు. నానెర్ల్‌కు పెళ్లి వయసు రాగానే ఆమె ప్రయాణాలు ఆగిపోయాయి, తమ్ముడు మాత్రం సాగిపోయాడు. ఈ కథలోని ఆ పేజీ చదివేటప్పుడు ఆడపిల్ల తండ్రిగా నాకు గుచ్చుకుంది.

ఇంకా గుచ్చుకున్నది లైప్‌జిగ్ పట్టణపు ఫ్రెడ్రిక్ వీక్ కథ. ఆయన గొప్ప గురువు, సందేహం లేదు. కూతురు క్లారాను 1828లో తొమ్మిదేళ్ల ప్రాయంలోనే ఆ ఊరి పెద్ద సంగీత మందిరంలో కూర్చోబెట్టాడు. మొదటిసారి ఆమె సభలో వాయించింది నాలుగు చేతుల పాఠమే, ఆయన శిష్యురాలు మరొకామెతో కలిసి. పాఠాలతో పాటు పిల్లను రోజూ ఆరుబయట నడిపించేవాడు. ఇదంతా మంచిదే. కాని కూతురి దినచర్య పుస్తకం కూడా ఆయనే రాసేవాడు! అందులో నేను అని ఉంటే అది క్లారా. కలం పట్టుకున్నది మాత్రం తండ్రి. నా తండ్రి ఈ రోజు నన్ను మెచ్చుకున్నాడు, నా తండ్రి ఈ రోజు కోప్పడ్డాడు అని తానే రాసి పెట్టేవాడు. ఆ అమ్మాయి పెరిగి రాబర్ట్ షూమన్‌ను పెళ్లాడతానంటే ఒప్పుకోలేదు. సంగతి న్యాయస్థానానికి ఎక్కింది. కోర్టు అనుమతితో 1840 సెప్టెంబరు 12న, ఇరవై ఒకటో పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, ఆమె వివాహం జరిగింది. (అదే 1840లో అమెరికా నుంచి వచ్చిన శామ్యూల్ డే దొరగారు మన నెల్లూరులో మిషను పని ప్రారంభించారు. సంవత్సరం కలిసింది గనుక చెప్పాను, ఈ రెంటికీ వేరే సంబంధమేమీ లేదు.) మూడేళ్లకు తండ్రీ కూతుళ్లు సమాధానపడ్డారు. క్లారా తరువాతి రోజుల్లో యూరప్‌లో పేరెన్నికగన్న పియానో విదుషీమణి అయింది. 1878 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ సంగీత పాఠశాలలో బోధించినప్పుడు ఆమెకు సహాయంగా పాఠాలు చెప్పింది ఆమె కుమార్తెలు మారీ, యూజెనీలే.

క్రిస్మస్ రాత్రి నేను చేసింది ఆ దినచర్య రాయడం లాంటిదేనని నాకు తోచింది. పిల్ల పాఠాన్ని పిల్ల పేరుతో నేను వాయించాను. ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో పిల్లలు తల్లిదండ్రులకు లోబడాలన్న మొదటి వచనాలు మనకందరికీ కంఠతా వచ్చు. సండే స్కూల్లో ఎన్నిసార్లు అప్పగించలేదు! ఆ వెంటనే నాలుగో వచనంలో తండ్రులకు చెప్పిన మాట ఒకటుంది. దాన్ని పిల్లల చేత అప్పగింపజేయడం మనకు అంత ఇష్టముండదు.

సెప్టెంబరు నెలలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, గుడి ఖాళీ అయిన తరువాత మా అమ్మాయిని అడిగాను, ఈ పుస్తకంలో ఒకటి నాతో వాయిస్తావా అని. క్షమించమని కూడా అడిగాను. ఆ మాట చెప్పడానికి నాకు తొమ్మిది నెలలు పట్టింది. అది పుస్తకం తిరగేసి చూసి, “ఇంత చిన్నదా? అయిదు స్వరాలేనా?” అంది. ఒకప్పుడు మినియెట్ వాయించిన పిల్లకు అది చిన్నతనంగానే ఉంటుంది మరి. “నీకు చిన్నదే. నాదే కష్టం” అన్నాను. నిజంగానే కష్టమైంది. ఎడమచెయ్యి తిత్తికే అలవాటైన కుటుంబం మాది! నేను మూడుసార్లు తప్పాను. నాలుగోసారి తప్పినప్పుడు అది ఆగి, నా వైపు చూసి కనుబొమ్మలు పైకెత్తింది. మా నాయనను అది ఎన్నడూ చూడలేదు. అది పుట్టకముందే ఆయన ప్రభువునందు నిద్రించాడు.

కీబోర్డు ఇరుకని చాలామంది అంటారు. 61 మెట్ల మీద నాలుగు చేతులంటే మోచేతులు గుద్దుకుంటాయి, నిజమే. అయితే మొజార్ట్ నాటి పియానోలకు కూడా అయిదు స్థాయిలే, 61 మెట్లే. ఇప్పటి పెద్ద పియానోకు 88 మెట్లు, 200కు పైబడి తీగలు, ఆ తీగల బిగువును మోయడానికి పోత ఇనుప చట్రం. ఆ తీగలు మన ఉప్పుగాలికి ఎన్నాళ్లు నిలుస్తాయో హార్మోనియం చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. శ్రుతి చేసే మనిషి కోసం చెన్నైకి కబురు పంపాలి. గనుక మన గుళ్లలో ఉన్న కీబోర్డు మీద సిగ్గుపడకుండా మొదలుపెట్టవచ్చు. ఒక్క పెడలు కొని తగిలిస్తే చాలు. ఇంట్లో అమ్మకు సంగీతం రాకపోయినా ఫరవాలేదు. ఎడమవైపు కూర్చుని రెండే రెండు మెట్లు తాళానికి మార్చి మార్చి నొక్కుతుంటే పిల్లవాడు పైన కీర్తన రాగం వాయించుకుంటాడు. పక్క ఊరి సంఘంలో ఒక తల్లి ఇప్పుడు అలాగే చేస్తున్నది.

ఫోన్లు వచ్చాక వినడం కూడా సులువైంది. రష్యా దేశపు మహా పియానో విద్వాంసుడు ఎమిల్ గిలెల్స్ తన కూతురు ఎలేనాతో కలిసి వాయించిన రికార్డులున్నాయి. వారిద్దరూ కార్ల్ బోమ్ నడిపిన వియన్నా వాద్యబృందంతో మొజార్ట్ రెండు పియానోల కన్చెర్టోను 1973లో రికార్డు చేశారు. షూబర్ట్ ఎఫ్ మైనరు ఫాంటసీని ఒకే పియానో మీద నాలుగు చేతులతో వాయించారు. మా ఇంట్లో అవి పెట్టినప్పుడు మా అమ్మాయి, నేను పందెం వేసుకుంటాం, ఇప్పుడు వినబడుతున్నది తండ్రా కూతురా అని. కన్చెర్టోలో నేను సగంసార్లు ఓడిపోతాను. గిలెల్స్ తలచుకుంటే కూతురి ధ్వనిని తన ధ్వనిలో ముంచేయగలవాడే. ఎక్కడా ఆ పని చేయలేదని నా చెవికి అనిపిస్తుంది. తండ్రి 1985లో, కూతురు 1996లో చనిపోయారు. ఫ్రెంచి విద్వాంసుడు రొబేర్ కజాద్‌సూ, ఆయన భార్య గాబీ, కుమారుడు జాన్ ముగ్గురూ మన లోడ్రన్ కన్చెర్టోను కలిసి వాయించేవారు. 1972 జనవరిలో కుమారుడు కెనడాలో రోడ్డు ప్రమాదంలో పోయాడు, అదే సంవత్సరం సెప్టెంబరులో తండ్రీ కన్నుమూశాడు. వాళ్ల రికార్డు పెట్టినప్పుడు మేం పందెం వేసుకోం.

బాఖ్ గురించి ఒక్కమాట చెప్పకుండా ఉండలేను. 1720 జనవరి 22న ఆయన తన పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడమన్‌కు పాఠాల పుస్తకం మొదలుపెట్టాడు. పిల్లవాడికి తొమ్మిదేళ్ల రెండు నెలలు. ఏ మెట్టు మీద ఏ వేలు పెట్టాలో అంకెలు వేసి చూపిన మొదటి చిన్న పాఠం పైన, యేసు నామంలో అని లాటిను భాషలో రాశాడు. దేవాలయంలో వాయించే గొప్ప రచనకు కాదు, వేళ్లు తిరగని కుర్రవాడి మొదటి అభ్యాసానికి!

మొన్నటి క్రిస్మస్‌కు మా అమ్మాయికి పదహారు నిండాయి. డియాబెల్లి ఎప్పుడో అయిపోయింది. షూబర్ట్ మిలిటరీ మార్చి ఒకటి నాలుగు చేతులది నేర్చుకున్నాం. నా వేళ్లు ముందులా కదలడం లేదు. ఎడమచేతి చిటికెన వేలు చలిరోజుల్లో బిగుసుకుపోతుంది. కార్యక్రమానికి వారం ముందు అభ్యాసంలో కింది భాగం వెనుకబడిపోతున్నదని నాకే తెలుస్తున్నది. పిల్ల ఏమీ అనలేదు. కాస్త నిదానంగా వాయించడం మొదలుపెట్టింది. ఆ తరువాతి రోజు గుడికి నాకంటే ముందు వచ్చి బల్ల మీద ఎడమవైపు కూర్చుని ఉంది. పెడలు తన కాలి దగ్గరికి జరుపుకుంది.

“నాయనా, ఈసారి కింద నేను వాయిస్తా. పైన నువ్వు వాయించు.”

నేను కుడివైపు కూర్చున్నాను.